కేశవ చేతిలో నీళ్ళ జగ్గు

చెలిమె ఇల్లు,
అనంతపురం.

రామాంజినమ్మ గారికి నమస్కారాలు.

మీ తమ్ముడు కేశవ మా హోములో చేరి నెల కావస్తోంది. కులాసాగా ఉన్నాడు. గదికి పచ్చ రంగే కావాలన్నాడు, వేయించాము. ఒకటే చిక్కు. మధ్యాహ్నం అందరూ భోజనాల హాల్లో కూర్చుంటే, తను మాత్రం గోడకు ఆనుకుని నిలబడతాడు. పళ్ళెం ముట్టడు, అందరూ లేచేసరికి హాలు మూసే వేళవుతుంది. ఆకలవుతోందా అంటే అవుతోందంటాడు. బలవంతంగా తినిపించడం మా దగ్గర లేదు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నారు. ఇంట్లో ఎట్లా తినేవాడో రాస్తే అట్లాగే చూసుకుంటాం.

ఇట్లు,
ప్రసూన, వార్డెన్.

తా.క.: ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. రింగయితే అవుతోంది.

*

కంబదూరు.

ప్రసూనమ్మకు రామాంజినమ్మ రాసేది. ఈడ గొర్రెలు, నేను, ఆపరేషనైన నా మోకాలు, అందరమూ బాగుండాము.

ఫోన్ యాల ఎత్తలేదంటే, నీ గొంతు మెత్తగుంటాది తల్లీ. వింటే నా కోపం కారిపోతాది. కాగితం మీదైతే నిలబడతాది.

మేము గొర్రెలోల్లం. మంద నీళ్ళు తాగందే కాపరి సంగటి మూట విప్పడు. మా నాయన అట్లే, వాడూ అట్లే. ఇంట్లో కూడా నేను తిని చెయ్యి కడిగినంకనే వాడు తినేది. మీ హాల్లో వాళ్ళంతా వానికి మందే. అందరూ నీళ్ళు తాగేది వాడు కండ్లారా చూడల్ల. ఇంత చిన్న సంగతికి డాక్టరును పిలిచినారా! ఏం చదువులమ్మా మీవి!

ఇట్లు,
కేశవ అక్క రామాంజినమ్మ.

తా.క.: ఆ డాక్టరు గొర్రెల్ని కూడా చూస్తాడా? మా పొట్టేలు రెండు దినాల నుంచీ మేత ముట్టల్యా.

*

చెలిమె ఇల్లు.

రామాంజినమ్మ గారికి వేయి దండాలు.

మీ మాట మంత్రంలా పనిచేసింది! కేశవకు జగ్గు ఇచ్చాం. అందరికీ తనే నీళ్ళు పోస్తాడు, తాగేదాకా పక్కనే నిలబడతాడు, అందరూ లేచాక కూర్చుని కడుపునిండా తింటాడు. మొన్న తనిఖీకి ఆఫీసరు గారొచ్చి మాతోపాటే భోంచేశారు. ఆయన గ్లాసు ఖాళీ చేయడం, కేశవ నింపడం. పాపం, ఆయన మొహమాటస్తుడు. మా వంటగది చూసినదానికన్నా బాత్‌రూమ్ ఎక్కువసార్లు చూశారు.

ఇట్లు,
ప్రసూన.

తా.క.: ఆయన రిపోర్టులో "మంచినీటి వసతి అత్యుత్తమం" అని రాశారు.

*

కంబదూరు.

వార్డెన్ ప్రసూనమ్మకు.

మా ఊరి లక్ష్మన్న మీ దావన పోతా లోపలికి తొంగి చూసినాడంట. నా తమ్ముడు జగ్గు పట్టుకోని వరస వరసకీ తిరుగుతాంటే, మిగతా వాళ్ళు దొరల మాదిరి కూచొని తాగుతాండారంట! చిన్నప్పటి నుంచీ వాని యెంబడి ఒగరుండల్ల; నా మోకాలు పాడయి, నడవలేక మీ చేతిలో పెట్టినా. చూసుకోమని పెట్టినా, చాకిరీ చేయించుకోమని కాదు. ముందు ఆ జగ్గు తీసేసుకోండి.

రామాంజినమ్మ.

తా.క.: పొట్టేలు దానంతటదే తినబట్టింది. మీ డాక్టరు ఏమీ రావల్సిన పన్లేదు.

*

చెలిమె ఇల్లు.

రామాంజినమ్మ గారికి, భయపడుతూనే రాస్తున్నాను.

మేము పని చెప్పలేదమ్మా, కేశవ ఇష్టపడే పోశాడు. అయినా మీ మాట ప్రకారం జగ్గు తీసుకున్నాం. మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు. మందను చూస్తేగానీ తినడన్నారు కదా అని, పక్క పొలం బయ్యన్నను బతిమాలి ఆయన గొర్రెలను మా గేటు ముందుకు తోలించి, తొట్టిలో నీళ్ళు పెట్టించాను. గొర్రెలు చక్కగా తాగాయి. కేశవ గొర్రెలను చూశాడు. నన్ను చూశాడు. లోపలికి పోయి పడుకున్నాడు.

ఇట్లు,
ఏం చేయాలో తోచని ప్రసూన.

తా.క.: ఆ గొర్రెలు మా బంతి మొక్కలన్నీ మేసేశాయి. వాటికి మాత్రం తిండి దగ్గర ఏ పేచీ లేదు.

*

కంబదూరు.

ప్రసూనమ్మకు.

చాలమ్మా, మీతో కాదు. శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాండా. వాని పెట్టె సర్ది పెట్టండి. మోకాలు పోతే పోనీ, డేక్కుంటా అయినా నా తమ్మున్ని నేనే సాకుతా. వాడు ఆడ పస్తుంటే ఈడ నాకు ముద్ద దిగుతాదా?

రామాంజినమ్మ.

తా.క.: ఒగటి అడుగుతా, నిజం చెప్పు. వాడు నన్ను తలుచుకుంటాడా? ఒగసారైనా?

*

చెలిమె ఇల్లు.

రామాంజినమ్మ గారికి,

మీ ఉత్తరం కేశవకు చదివి వినిపించాను. పెట్టె మాట వినగానే, జవాబు తనే చెబుతానన్నాడు. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. కింది మాటలన్నీ ఆయనవే.

అక్కకు కేశవ.

సద్దు. హాల్లో అందరూ తింటే తట్టలు గలగలా సద్దు. గరిటెలు సద్దు. చెవులు నొస్తాయి. అందరూ పోతే సద్దు లేదు. అప్పుడు తింటా.

నీళ్ళు పోస్తే లేటు చేయరు, బిరీన తింటారు. బిరీన పోతారు. అందుకే పోస్తి.

వాళ్ళు మంద కాదు. మనుషులు. మేడం గొర్రెల్ని తెచ్చింది. యాలనో తెలీదు.

ఇంట్లో నువ్వు తింటా మాట్లాడతావు. శానా మాట్లాడతావు. అందుకే నువ్వు తిన్నంక తింటి.

నువ్వు గుర్తొస్తావు. పొద్దున. సాయంత్రం కూడా.

పెట్టె సర్దను. పచ్చ గది నాది. ఈడే ఉంటా. శుక్రవారం రావద్దు, శుక్రవారం మేము సంతకు పోతాము. ఆదివారం రా. గది చూడు. సాయంత్రం పో. మల్ల రా.

కేశవ.

తా.క. (ప్రసూన): ఇన్ని ఉత్తరాల్లో మీరు నన్ను, నేను మిమ్మల్ని అడుగుతూ వచ్చాం. ఎందుకు తినవని ఆయననే అడగాలని ఇద్దరికీ తోచలేదు! ఈ మధ్యాహ్నం వరండాలో ఒక్కడికే పీట వేశాం. అందరికన్నా ముందు తిని, మారు వడ్డించమన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంకో తా.క. (కేశవ): అక్కా, ఆదివారం వరండాలో రెండు పీటలు వేయమన్నా. నాతోనే కూచొని తిను. మాట్లాడొద్దు.