చివరి గోలు కాలితోనే

మెల్‌బోర్న్, 9 జూలై 1894

అమ్మా, నేను క్షేమం. నన్ను మైదానం నుంచి మోసుకెళ్ళారని పేపర్లో చదివి కంగారుపడకు. మోసిన మాట నిజమే, కాని గెలిచాక, భుజాల మీద.

శనివారం ఫుట్‌బాల్ పోటీలో సగం ఆటకే నా ఎడమ మణికట్టు విరిగింది. "బయటికి పోరా, జేబెజ్!" అని మా కెప్టెన్ కసిరాడు. "బంతిని తన్నేది కాలితో కదన్నా," అన్నాను. నన్ను కాపు కాస్తున్న అవతలి జట్టు భారీ మనిషి, "ఒంటిచేత్తో ఏం పీకుతావురా, గని ఎలుకా?" అని నవ్వాడు. వాడి నవ్వు ఆగకముందే, వచ్చిన బంతిని రొమ్ముకు అదుముకుని పట్టేశాను, మా ఆటలో బంతిని చేత్తో పట్టొచ్చుగా. బురదలోంచి ఒక్క తన్ను తన్నితే నేరుగా గోలు కర్రల మధ్య నుంచి పోయింది. ఆ గోలుతోనే గెలిచాం. తరవాత నాకు కట్టు కట్టిందీ వాడే.

మందపాటి ఉన్ని మేజోళ్ళు పంపు. ఆవు ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? నేను గని మానేసిన నాటి నుంచి ఆయన నా పేరెత్తడం లేదని చెల్లి మెర్సీ రాసింది. ఎముక అతికాక, ఆగస్టు చివరి శనివారం మళ్ళీ ఆడతాను. నాన్నను మన బెండిగోలో రైలెక్కించు. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, కంచె దగ్గర నిలబడి చూస్తే చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

మెర్సీకి ముద్దులు. నీ, నాన్న దీవెనలు కోరే

జేబెజ్