వెనక మీట

వండూర్,
9 జూలై 2023.

బారువలో ఉన్న బావమరిది చిరంజీవి చిట్టిబాబును మీ బావ వాసుదేవ్ దీవించి రాయించేది.

ఇక్కడ అందరం క్షేమమని మీ అక్క రాయబోయింది, వద్దన్నాను. రెండు కళ్లూ పోయినవాడికి క్షేమమేమిటి? నేను మంచం మీద కూర్చుని చెబుతున్నాను, మీ అక్క బేబీరాణి రాస్తోంది.

ఈ దీవిలో వానలు విడవడం లేదు. పందులు వక్క మొక్కల్ని వేళ్లతో సహా పెళ్లగించేశాయని పక్క తోట కన్నారావు భయ్యా వచ్చి చెప్పి పోయాడు. నాకు చెప్పి ఏం లాభం? తుపాకీ ఠాణాలో ఉంది, నేను మంచంలో ఉన్నాను.

నీ ఉత్తరం చదివించుకున్నాను. తుపాకీ వెనక మీటే నొక్కాననుకున్నాను, ఇప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు, ముందుది నొక్కేశానేమో, క్షమించు బావా అన్నావు. ఏమోనట! నా కళ్లు పోయాక వచ్చిందా నీకు ఈ ఏమో?

మళ్లీ చెబుతాను, విను. డబుల్ బ్యారెల్ తుపాకీకి గొట్టాలు రెండూ ఒక్కలాంటివి కావు. మూతి దగ్గర, చివరి రెండంగుళాల్లో, లోపల సన్నం చేస్తారు. దాన్నే చోక్ అంటారు. కుడి గొట్టానికి చోక్ తక్కువ. గుళ్లు బయటికి రాగానే విచ్చుకుంటాయి. పంది దగ్గరకొస్తే అదే మంచిది, గురి కాస్త తప్పినా తగులుతుంది. ఎడమదానికి చోక్ ఎక్కువ. గుళ్లు గుత్తిగా పోతాయి, దూరానికి అది. ముందు మీట కుడిదానికి, వెనక మీట ఎడమదానికి. దూరం చూసి మీట ఎంచుకోరా బాబూ అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?

ఆ రోజు పంది నీకు నలభై గజాల దూరంలో ఉంది. దానికి బారెడు పక్కన, కంచె దగ్గర, నేను. వెనక మీట నొక్కమని అరిచాను కూడా. గుత్తిగా పోవాల్సిన గుళ్లు వడ్లు చల్లినట్టు వచ్చి పడ్డాయి. ఇంక నువ్వు ఏది నొక్కావో చెప్పడానికి సాక్షి ఎందుకు?

వలకు పోవడం మానేశానని, కూడు సయించడం లేదని, బతకాలని లేదని రాశావు. నాకు మాత్రం ఉందనుకున్నావా? తెల్లారిందో లేదో మీ అక్కని అడగాలి. నీ మేనకోడలు కళ ఎంత పొడుగైందో చేత్తో తడిమి చూసుకుంటున్నాను. అరే, ఇదేం బతుకురా! చచ్చేదాకా నిన్ను క్షమించను. నా గుమ్మం తొక్కకు.

ఇట్లు,
నీ బావ,
వాసుదేవ్.

తా.క.: ఒరే తమ్ముడూ, ఇక్కణ్ణుంచి నా మాటలు. ఆయన పడుకున్నారు.

ఇదంతా జరగక ముందు, నువ్వు ఇక్కణ్ణుంచి అమ్మమ్మ దినానికి బారువ వెళ్లినప్పుడు, ఉప్పుగాలికి తుపాకీ మూతి తుప్పు పట్టి పెళ్లలు రాలుతోందని, మీ బావ దాన్ని జంగ్లీఘాట్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే ధనరాజు దగ్గరికి పట్టుకెళ్లారు. రెండు గొట్టాలూ మూడంగుళాలు కోయించి, ఆకురాయి పట్టించి తెచ్చారు. ఏక్‌దమ్ నయా అయిపోయిందని మురిసిపోయారు. నాకూ బాగుందనిపించింది. చోక్ ఉండేది ఆ కోసేసిన ముక్కలోనే అని, ఇవాళ ఆయన చెబుతుంటే రాస్తూ రాస్తూ తెలుసుకున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఏమైందని అడిగారు. పెన్ను రాయడం లేదన్నాను.

ఏ మీట నొక్కినా గుళ్లు అలాగే చెదిరేవిరా. నీ తప్పు లేదు. లేచి అన్నం తిను. వలకు పో.

ఈ సంగతి ఆయనకు తట్టిందో లేదో నాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. తన కళ్లు తానే పోగొట్టుకున్నానని తెలిస్తే ఆ మనిషి ఒక్క రోజు బతకడు. ఇప్పుడు నిన్ను తిట్టడానికైనా లేచి కూర్చుంటున్నారు, నాలుగు ముద్దలు తింటున్నారు. నన్ను ఏమైనా అనుకో తమ్ముడూ, నువ్వు మాత్రం క్షమించు బావా అని రాస్తూనే ఉండు.

అక్క.