తలుపు తీయకండి

హోసోయా గారికి,

దయచేసి తలుపు తీయకండి, ముందు ఇది చదవండి. నేను మీ చిహారుకు కెమిస్ట్రీ చెప్పే టీచర్ని.

క్లాసులో ఒక ప్రయోగం చేశాం: గ్లూకోజులోని ఆల్డిహైడ్ తగిలితే ద్రావణంలోని వెండి గాజుగొట్టానికి అద్దంలా అంటుకుంటుంది. అది అమ్మమ్మకు చూపించాలని చిహారు నాకు చెప్పకుండా ఆ ద్రావణాన్ని సీసాలో ఇంటికి తెచ్చుకుంది. నిలవుంచితే, ఎండితే, అది ముట్టుకున్నా పేలుతుంది.

ఇందాక ఫోన్ చేసి, "టీచర్, మూత చుట్టూ నల్లగా ఏదో పేరుకుంది, గీకెయ్యనా?" అంది.

"వేలు పెట్టకు! అమ్మమ్మను తీసుకుని బయటికి పో!" అని అరిచాను.

ఇద్దరూ ఎదురుగా సోబా నూడుల్స్ కొట్లో క్షేమంగా ఉన్నారు. సీసా ఇంకా లోపలే ఉంది, ఫైరింజన్ వస్తోంది. నేను వెనక ఇళ్లవాళ్లను బయటికి పంపిస్తున్నాను.

"అమ్మ చంపేస్తుంది" అని చిహారు ఒకటే ఏడుపు. మీరు వెళ్లి ముందు పిల్లను దగ్గరకు తీసుకోండి.