ఏటికి తాళం వెయ్యలేదు

ఆదివాసుల మిషన్, ముర్రే ఏటి ఒడ్డు
మార్చి 1938

ఒలివ్ అక్కకి,

మర్టిల్ ముద్దులు. మేనేజరు గారికి కూడా ఓ నమస్కారం, ఎలాగూ కవరు ముందు విప్పేది ఆయనే కదా! చదువుకోండి సార్, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదువుకోండి.

ఆదివారం నువ్వు గేటు దాకా వచ్చి వెళ్ళావని తర్వాత తెలిసింది. అమ్మ మంచం పట్టిందని చెప్పినా, మేనేజరు "నీకు ఆదివాసుల చట్టం నుంచి మినహాయింపు కాగితం ఉంది, నువ్విప్పుడు ఆదివాసివి కాదు, లోపలికి రాకూడదు" అన్నాడట. పట్నంలో ఉద్యోగం కోసం నువ్వది తీసుకున్నప్పుడు కుక్క మెడలో బిళ్ళ అని ఎగతాళి చేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదక్కా, ఒళ్ళు మండిపోతోంది. కన్నతల్లిని చూడ్డానికి పరాయివాడి అనుమతా?

నిన్న అందరి ముందూ అదే అడిగాను. వెంటనే మా ఇంటికి రేషన్‌గా ఇచ్చే పిండీ, పంచదారా, టీ ఆకూ ఆపేశాడు. అమ్మ పడుకునే అంది: "ఆపుకోమను. ఏట్లో చేపలు కూడా వాడే పెంచుతున్నాడా?"

అమ్మని నువ్వు చూస్తావు. ఎలాగో ఇందులో రాయను.

నీ చెల్లి,
మర్టిల్


అవతలి ఒడ్డు, విక్టోరియా

మా బంగారు అక్కా,

ఈ కవరు నీకంటే ముందు ఎవరూ విప్పలేదు.

మేనేజరు నా ఉత్తరం చదివినట్టున్నాడు, గేటుకి కొత్త తాళం వేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనకి దారంటే ఏరేనని ఇన్నేళ్ళైనా ఆయన బుర్రకెక్కలేదు. ఆయన అక్కడ గేటు కాస్తుంటే, ఏటి దగ్గర పట్టపగలే సెల్విన్ బాబాయి పడవలు విప్పాడు. ముసలీ ముతకా, పిల్లలూ, కోళ్ళూ, అందరం ఎక్కేశాం. అమ్మని పరుపుతో సహా ఎక్కించాం. ఆయన పరిగెత్తుకొచ్చేసరికి ఏటి మధ్యలో ఉన్నాం.

"ఎవర్నడిగి వెళ్తున్నారు? వెనక్కి రండి!" అని అరిచాడు.

అమ్మ లేచి కూర్చుంది. "నిన్నడిగి పుట్టామా, నిన్నడిగి పోవడానికి?" అంది. పడవలన్నీ గొల్లున నవ్వాయి.

ఈ ఒడ్డు వేరే రాష్ట్రం, ఇక్కడ ఆయన చట్టం చెల్లదు. గోనెసంచుల గుడారాలు, వాన, దోమలు, సగం కడుపు. అయినా ప్రభుత్వం ఆ మేనేజరుని తీసేసి, మమ్మల్ని మనుషుల్లా చూస్తామనేదాకా కదిలేది లేదు.

అమ్మకి ఇక ఎన్నాళ్ళో లేవక్కా. నాకు భయంగా ఉంది, వెంటనే రా. ఇక్కడ గేటు లేదు. ఆ కాగితం వదిలితే ఉద్యోగం పోతుందంటే దాచుకో, నేనేమీ అనను. అమ్మ మాత్రం దాన్ని తప్పకుండా తెమ్మంటోంది. కట్టెలు తడిసిపోయాయి, పొయ్యి అంటుకోవడం లేదట.

నీ
మర్టిల్