పడక కింది నైట్రేట్

తమ్ముడూ శ్రీనూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. జాంబీల ఆటలో నువ్వు రెండేళ్లు కష్టపడి కట్టిన కోటను నేనూ, మాదాపూర్‌లో నీతో పనిచేసిన మల్లేశూ కాపాడుతున్నాం. ఆటలో ఏడు రోజులకోసారి గుంపు వచ్చి గోడల మీద పడుతుంది. ఈసారి మా దగ్గర తూటాలు లేవు. తూటాల మందుకు నైట్రేట్ కావాలి. మంచుకొండలో నువ్వు తవ్విన సొరంగాలన్నీ వెతికాం, ఎక్కడా మిగల్లేదు.

"ఒక్క కాడ ఉన్నదన్నా," అన్నాడు మల్లేశ్ హెడ్‌సెట్‌లో. "కోటల వాని పడక కింద. కష్టమొస్తే పనికొస్తదని వాడే తవ్వకుండ ఇడిసిపెట్టిండు."

అది తీయాలంటే పడక పగలగొట్టాలి. ఆటలో పడక ఉన్నచోటే మ్యాప్‌లో మనిషి పేరు కనిపిస్తుంది; పడక పోతే నీ పేరు పోతుంది.

"జర సోంచాయించన్నా, తొందరపడకు. కోట పోతే మళ్ల కడదాం."

నువ్వు కట్టింది మేం కట్టలేం. గునపంతో నాలుగు దెబ్బలు వేశాను. నైట్రేట్ దొరికింది. గుంపు వచ్చింది, గోడ నిలిచింది.

"వానికి ఇంకో పడక ఏద్దామా?" అని అడిగాడు మల్లేశ్.

ఆ ఆటలో ఎవరి పడక వాళ్లే వేసుకోవాలి. నీ ఖాతా పాస్‌వర్డ్ మా ఇద్దరికీ తెలియదు.

అన్నయ్య