హమాలీ చేతులు కావు

సూర్యాపేట,
12 ఫిబ్రవరి 1966.

చిరంజీవి రాంచందర్‌కు మీ నాయిన ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. కోదాడలో నీ ఒళ్లూ, నీ బస్సు డ్యూటీ సవ్యంగా ఉన్నాయని తలుస్తున్నాం.

నీ జాబు అంది నాలుగు రోజులైంది. మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె మోకాలి నొప్పి అడిగావు. దవాఖానలో ఇచ్చిన నూనె రాస్తే ఆ పూటకు తగ్గుతుంది, మళ్లీ మామూలే.

ఆట మానేశావా అని కూడా అడిగావు. మానేశాను. మొన్న దసరాకు తుంగతుర్తి అంగడిలో ఆడిందే ఆఖరు. నీతో పనిచేసేవాళ్లు 'గారడోని కొడుకు' అంటున్నారని నువ్వు రాసినందుకు మానలేదు బిడ్డా. ఐదు బంతులు పైకి పోతే మూడే కనబడుతున్నాయి. కుడి భుజం లేవడం లేదు. పద్దెనిమిదో ఏట ఊరూరా గారడీలు ఆడే టెంటు కంపెనీలో చేరాను. ముప్పై నాలుగేళ్లు బంతులు, కత్తులు, కాగడాలు ఎగరేసి పట్టాను. ఇక చాలనిపించింది.

'మాడుగులపల్లి వాళ్లొచ్చిన్రా? నేను చెప్పమన్నట్టే చెప్పినవా నాయినా?' అని అడిగావు. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందుకే.

పోయిన ఆదివారం పిల్ల తండ్రి రామలింగం గారు, ఆయన తల్లి మన ఇల్లు చూడడానికి వచ్చారు. ఏం పని చేస్తావని అడిగితే, నువ్వు చెప్పమన్నట్టే రైస్ మిల్లులో హమాలీనన్నాను. ఆ ముసలమ్మ నా చేతి వేళ్లు చూసింది, మెడ చూసింది.

"ఏందయ్యా, హమాలీ చేతులు గిట్లుంటయా? మా ఇంట్ల ముగ్గురు మూటలు మోసెటోళ్లే. మెడ సూస్తెనే ఎరుకైతది" అంది.

ఇంకో మాట కల్పించే ఓపిక లేకపోయింది. నా ఆట సంగతి చెప్పేశాను. రామలింగం గారి ముఖం నల్లబడింది. ముసలమ్మ మాత్రం "గట్లనా? జర ఆడి సూపియ్యి" అని కూర్చుంది. మీ అమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

'చేతులు చూడకు, కాయ పైకిపోయి ఆగే చోటు చూడు' అనేవాడు నాకు విద్య నేర్పిన హన్మా. అలాగే చూశాను. మూడు బాగానే తిరిగాయి. "మేం సిన్నప్పుడు అచ్చనగండ్లు ఆడినట్టే ఉన్నది" అని ముసలమ్మ మురిసింది. నిజమే, ఆడవాళ్లు రాళ్లు ఎగరేసి పట్టే అచ్చనగండ్లే ఈ విద్యకు అమ్మ అని హన్మా కూడా అనేవాడు. నాలుగోది వేయగానే భుజం పట్టేసింది. కాయ మంచం కిందికి దొర్లింది. ఎవరూ నవ్వలేదు. రామలింగం గారు చాయ్ కూడా తాగకుండా తల్లిని తీసుకుని వెళ్లిపోయారు.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ దాచి లాభం లేదు. నిన్న ఆయన ఒక్కరే మళ్లీ వచ్చారు. అరుగు మీద కూర్చుని అడిగారు.

"ఆట ఆడి బతికినవ్, దొంగతనం చెయ్యలే. గదాంతోని నాకేం పరేషాన్ లేదు. మరి అబద్ధమెందుకాడినవ్? పిలగాడు చెప్పమన్నడా? కన్నతండ్రిని దాసేటోడు రేపు నా బిడ్డనేం సూసుకుంటడు?"

"లేదు బావా. పిలగానికేం ఎరుకలేదు. సిగ్గు నాదే" అన్నాను.

ఆయన నమ్మారు. మీ అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, "గట్లయితే ముహూర్తం సూసుకుందాం" అని లేచారు. సంబంధం ఖాయమైంది.

అప్పటినుంచి మీ అమ్మ నాతో మాట్లాడడం లేదు. ఒక్కటే మాట అంది. "ఆ పిల్ల మన ఇంటికొచ్చినంక దాని మొకం ఎట్ల సూస్తవ్?"

నేనాడిన మాట నేను వెనక్కి తీసుకోను, నీ పేరు బయట పెట్టను. నువ్వే ఒకరోజు సెలవు పెట్టి, మిర్యాలగూడ మీదుగా మాడుగులపల్లి పో. ఆయన ఎదుట నిలబడి నీ నోటితో చెప్పు. పిల్లనిస్తారో, ఇవ్వరో నాకు తెలియదు. ఏదైనా సరే, అక్కడినుంచి తిన్నగా ఇంటికి రా. నీ మీద కోపం తెచ్చుకునేంత ఓపిక కూడా లేదు నాకు. నిన్ను చూడాలని ఉంది.

ఇట్లు,
మీ నాయిన
సైదయ్య