పొడిగున్న సబ్బు

మహిపాలూ, నీ ఫోను కలుస్తలేదు, అందుకే నీ బిడ్డ జ్యోతికతోని మెసేజ్ రాయిస్తున్న. చిన్నోనికి పొద్దుగాల్నుంచి వాంతులు, చొంగ ఆగుతలేదు. నేను, కోడలు స్వప్న దిల్‌సుఖ్‌నగర్ల పిల్లల దవాఖానకు తీస్కపోతున్నం. తుర్కయంజాల్ తోటల నిన్న నువ్వు కొట్టిన పురుగుమందు డబ్బా ఫోటో తీసి స్వప్నకు పంపు. డాక్టర్‌కు మందు పేరు చెప్పాలె. సబ్బు రుద్దుకొని తానం చేసి, అంగి మార్చుకొని రా.

నిన్న తానం చేసినంకనే పిలగాన్ని ఎత్తుకున్న అన్నవు. నేను అప్పుడే పోయి చూసిన, సబ్బు పొడిగనే ఉన్నది. నాతోని ఎందుకు అబద్ధమాడినవ్‌రా? డాక్టర్ అడిగితే గదే చెప్తా, దాచ.

ఇంకొక మాట. పత్తికి మందు కొట్టొచ్చిన అంగితోనే చిన్నప్పుడు నిన్ను గూడ నేను ఎత్తుకునేటోన్ని. నాకప్పుడు తెల్వదు. నీకు తెల్సు.